కొత్త ఫోన్‌కి మారితే పాత వాట్సాప్, సిగ్నల్ చాట్లు వస్తయా? పాత ఫోన్ ఇచ్చేముందు ఏం చూస్కోవాలె?

జడ్చర్ల నుంచి అడిగిన అన్నకు. మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇట్ల: ఐదారేండ్ల ఆండ్రాయిడ్ ఫోన్ ఎక్స్‌చేంజ్‌ల ఇచ్చి కొత్తది ఆర్డర్ పెడుతున్నరు, ఐఫోనా ఇంకో ఆండ్రాయిడా అన్నది తేల్చుకోలేదు. వాట్సాప్‌ల నాయన పంపిన వాయిస్ మెసేజ్‌లు, ప్లాట్ బేరం చాట్లు ఉన్నయ్, దోస్తులతోని సిగ్నల్ వాడుతరు, టెలిగ్రామ్ కూడా ఉంది. షాపాయన ఏమో "అదే నంబర్, అదే జీమెయిల్ కొట్టు, అన్నీ అవే వస్తయ్" అన్నడు. నిజమేనా అని.

నిజం కాదు. నంబర్‌తోని అకౌంట్ వస్తది, గ్రూపులు వస్తయ్, పాత మెసేజ్‌లు మాత్రం వాటంతట అవి రావు. అవి ఉన్నది మీ పాత ఫోన్‌ల, ఇంకెక్కడా లేవు (బ్యాకప్ సరిగ్గ అయ్యి ఉంటే గూగుల్ డ్రైవ్‌ల ఒక కాపీ ఉంటది, అది అయ్యిందా లేదా అన్నదే అసలు కథ, కింద చెప్త). కాబట్టి కొత్త ఫోన్ చేతికి వచ్చి, అందుల పాత చాట్లు తెరిచి, నాయన వాయిస్ ఒకటి ప్లే చేసి వినేదాకా పాత ఫోన్ ఎవ్వరికీ ఇయ్యకండి, రీసెట్ కొట్టకండి. ఇంక మిగిలిందంతా దీని వివరమే.

నాది నల్లగొండ క్లాక్ టవర్ దిక్కు మొబైల్ సర్వీస్ షాప్. డిస్‌ప్లేలు, బ్యాటరీలు మార్చుడు ఎట్లనో ఈ "నా చాట్లు పోయినయ్" కేసులు కూడా అట్లనే రోజూ వస్తయ్, అందుల చానా వరకు పోకుండా ఆపగలిగేవే.

ముందుగాల ఎందుకు రావో చెప్తా, ఇది తెలిస్తే మిగిలినయ్ అవే అర్థమైతయ్. జీమెయిల్‌ల మీ ఉత్తరాలు గూగుల్ సర్వర్‌ల ఉంటయ్, ఏ ఫోన్‌ల లాగిన్ అయినా కనబడుతయ్. వాట్సాప్ అట్ల కాదు. 2016 ఏప్రిల్ నుంచి అందరికీ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ పెట్టిన్రు, మెసేజ్ తాళం మీ ఫోన్‌ల, అవతలోళ్ల ఫోన్‌ల మాత్రమే తయారైతది. సర్వర్ పోస్ట్‌మ్యాన్ లెక్క, మూట అందించినంక దాని దగ్గర కాపీ ఉండదు. అవతలి ఫోన్ ఆఫ్ ఉంటే 30 రోజుల దాకా పెట్టుకొని చూస్తది, తర్వాత తీసేస్తది. ఇంకోటి, వాట్సాప్, సిగ్నల్ రెండింట్లో వాడే పద్ధతి ఒకటే, అందుల ఒక్కో మెసేజ్‌కి ఒక్కో తాళం పుడతది, మెసేజ్ విప్పినంక ఆ తాళాన్ని ఫోన్ పారేస్తది. అంటే దారిల ఎవడన్న మూటలు దొంగిలించి దాచిపెట్టుకున్నా, రేపు మీ ఫోన్ వాని చేతుల పడ్డా, ఆ పాత మూటలు విప్పలేడు. మంచిదే. కానీ అదే కారణంగా కొత్త ఫోన్‌ల మీరే లాగిన్ అయినా "నా పాతయ్ మళ్ల పంపు" అని సర్వర్‌ని అడిగే వీలు లేదు, పంపేతందుకు దాని దగ్గర ఏం లేవు. విప్పిన మెసేజ్‌లు మీ ఫోన్‌ల ఒక డేటాబేస్ ఫైల్‌ల రాసుకొని ఉంటయ్, ఆ ఫైల్ కొత్త ఫోన్‌కి ఎట్ల చేరుతది అన్నదొక్కటే ప్రశ్న.

ఇప్పుడు మీరు ఎక్స్‌చేంజ్ అన్నరు చూడండి, నాకు భయం అక్కడనే. ఆన్‌లైన్ల ఎక్స్‌చేంజ్ పెడితే డెలివరీ పిలగాడు కొత్త డబ్బా ఇచ్చి, అప్పుడే పాత ఫోన్ చెక్ చేసి, గూగుల్ అకౌంట్ తీసేసి రీసెట్ కొట్టమని గుమ్మం ముంగట నిలబడుతడు. వానికి ఇంకా పది ఇండ్లు తిరిగేది ఉంటది, మీరు కొత్త డబ్బా సీల్ కూడా విప్పి ఉండరు. దేవరకొండ దిక్కు ఒక టీచర్ సార్ అట్లనే ఇచ్చిండు, బ్యాకప్ ఆన్‌ల ఉంది కదా అని ధైర్యం. సాయంత్రం షాప్‌కి వచ్చిండు, రిస్టోర్ స్క్రీన్ మీద బ్యాకప్ తేదీ చూస్తే రెండేండ్ల కిందటిది. ఆ రెండేండ్లు పోయినయ్, ఏం చెయ్యలేకపోయినం, పాత ఫోన్ అప్పటికే ఏ గోదాంకి పోయిందో. అందుకే నేనైతే చాట్లు ముఖ్యమైనోళ్లకు ఎక్స్‌చేంజ్ వద్దనే చెప్తా. ఎక్స్‌చేంజ్ కింద వచ్చే పైసలు ఎంతనో లెక్క పెట్టుకొని, అంతకు నాయన గొంతు అమ్ముతరా చూస్కోండి. లేదు, పైసలు కావాలె అంటే లోకల్ షాప్‌ల ఎక్స్‌చేంజ్ చెయ్యండి, కౌంటర్ మీద రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టుకొని పని అయ్యేదాకా కూర్చోవచ్చు, ఎవ్వడు తొందర పెట్టడు.

టీచర్ సార్ బ్యాకప్ రెండేండ్లు ఎందుకు ఆగిందంటే, ఇది మన దిక్కు ఇంటింటి కథ. వాట్సాప్ బ్యాకప్ మామూలుగా వైఫై మీదనే అయ్యేటట్టు సెట్ అయ్యి వస్తది. మన ఊర్లల్ల సగం ఇండ్లకు వైఫై లేదు, అందరిది సిమ్ డేటానే. సెట్టింగ్స్‌ల "రోజూ బ్యాకప్" అని ఉంటది, మనం ఖుషీ, కానీ వైఫై దొరకదు, బ్యాకప్ కాదు, ఎవ్వరికీ తెల్వదు. ఇప్పుడే వాట్సాప్ సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్‌లకు పోయి పైన ఉన్న తేదీ చూడండి. లోకల్ అని ఒక తేదీ, గూగుల్ అని ఒక తేదీ ఉంటది. లోకల్ అంటే ఆ ఫోన్‌లనే రాత్రి రెండింటికి అయ్యేది, ఫోన్ పోతే అదీ పోతది. గూగుల్ పక్కన తేదీ ఈ రోజుదో నిన్నటిదో కాకపోతే మొబైల్ డేటా మీద బ్యాకప్ ఆన్ చేసి, డేటా ఉన్న రోజు చార్జింగ్ పెట్టి బటన్ నొక్కండి. "వీడియోలు కూడా" అన్నది వేరే స్విచ్, అది కూడా మామూలుగా ఆఫ్ ఉంటది. పిల్లల వీడియోలు కావాలంటే ఆన్ చెయ్యాలె, గుడ్ మార్నింగ్ వీడియోలు కూడా వస్తయ్, తప్పదు.

బ్యాకప్ ఆగిపోయే రెండో కారణం జాగ. ఒకప్పుడు వాట్సాప్ బ్యాకప్ గూగుల్ జాగల లెక్కకు రాకపోయేది. 2023 నవంబర్‌ల మారుస్తున్నమని చెప్పి 2024ల అమలు చేసిన్రు, ఇప్పుడు ఫ్రీగా వచ్చే 15 జీబీలనే జీమెయిల్, ఫోటోస్, వాట్సాప్ అన్నీ సర్దుకోవాలె. నిండితే బ్యాకప్ ఆగుతది. గూగుల్ వన్ (పైసలు కట్టి తీసుకునే ఎక్కువ జాగ) ఒక నెలకు కొని పని అయినంక బంద్ చేసుకోవచ్చు, లేదంటే వాట్సాప్‌లనే "మేనేజ్ స్టోరేజ్" తెరిచి ఫార్వర్డ్ వీడియోలు పీకేయండి.

మూడోది జీమెయిల్. ఫోన్ కొన్న రోజు షాపోడే ఏదో ఒక ఐడీ తయారుచేసి పెట్టిండు, పాస్‌వర్డ్ వానికీ యాదికి లేదు మీకూ తెల్వదు. బ్యాకప్ ఆ ఐడీలకు పోతుంటది. కొత్త ఫోన్‌ల మీరు వేరే జీమెయిల్ పెడితే "బ్యాకప్ దొరకలేదు" అంటది. చాట్ బ్యాకప్ పేజీలనే గూగుల్ అకౌంట్ అని ఒక లైన్ ఉంటది, అందుల ఏ ఐడీ ఉందో చూసి, మీకు పాస్‌వర్డ్ తెలిసిన ఐడీకి మార్చి మళ్ల ఒకసారి బ్యాకప్ కొట్టండి. రిస్టోర్ కావాలంటే అదే ఫోన్ నంబర్, అదే గూగుల్ ఐడీ, రెండూ కలవాలె.

ఇదంతా చెప్పినగానీ, రెండు ఫోన్లు చేతుల ఉంటే డ్రైవ్ బ్యాకప్ నాకు రెండో దారి మాత్రమే. మొదటి దారి నేరుగ ఫోన్ నుంచి ఫోన్‌కి. 2023 జూన్ చివర్ల వాట్సాప్‌ల ఇది వచ్చింది, సెట్టింగ్స్, చాట్స్, ట్రాన్స్‌ఫర్ చాట్స్. ఆండ్రాయిడ్ నుంచి ఆండ్రాయిడ్‌కి, లేదా ఐఫోన్ నుంచి ఐఫోన్‌కి. రెండు ఫోన్లల్ల వైఫై, లొకేషన్ ఆన్ చెయ్యాలె (ఇంట్ల వైఫై కనెక్షన్ లేకున్నా ఆ స్విచ్ ఆన్ ఉండాలె, ఫోన్లు వాటిల అవే మాట్లాడుకుంటయ్), కొత్త ఫోన్‌ల అదే నంబర్‌తోని వాట్సాప్ మొదలుపెడితే క్యూఆర్ కోడ్ వస్తది, పాత ఫోన్‌తోని దాన్ని స్కాన్ చెయ్యాలె. డ్రైవ్‌కి పోదు, జాగ అక్కర్లేదు, నెట్ డేటా ఖర్చు కాదు, ఎంత పెద్ద ఫోటోలైనా పోతయ్. రెండు ఫోన్లు చార్జింగ్‌ల పెట్టి స్క్రీన్ ఆఫ్ కానియ్యకుండా వదిలెయ్యండి, మధ్యల కాల్ వచ్చిందని బయటికి పోవద్దు.

ఒకవేళ డ్రైవ్ నుంచే రిస్టోర్ చేస్తుంటే ఒక్క జాగ్రత్త. కొత్త ఫోన్‌ల నంబర్ వెరిఫై అయినంక "బ్యాకప్ దొరికింది, రిస్టోర్ చెయ్యాల్నా" అని ఒక్కసారే అడుగుతది. మనోళ్లు తొందరల "స్కిప్" కొడతరు, తర్వాత చేసుకోవచ్చు లే అని. తర్వాత అన్నది లేదు, ఆ స్క్రీన్ మళ్ల రాదు. అట్ల కొట్టినా ఆ రోజే వాట్సాప్ అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ల పెడితే మళ్ల అడుగుతది, కానీ ఆలస్యం చేస్తే ఖాళీ వాట్సాప్ బ్యాకప్ అయ్యి డ్రైవ్‌ల ఉన్న పాత దాని మీద కూర్చుంటది. డ్రైవ్‌ల ఒక్కటే కాపీ ఉంటది, కొత్తది పాతదాన్ని తుడిచేస్తది. "వారం కింద స్కిప్ కొట్టిన అన్నా" అని వచ్చేటోళ్లకు నేను చెప్పేది ఏముండదు, పాత ఫోన్ తీసుకురమ్మంటా.

రిస్టోర్ల ముందు రాతలు వస్తయ్, ఫోటోలు, వాయిస్‌లు వెనకనుంచి మెల్లగ దిగుతయ్. "వాయిస్ నొక్కితే రావట్లే" అని మొదటి గంటలనే ఆగం కావద్దు.

ఇంక ఐఫోన్ సంగతి. ఆండ్రాయిడ్ వాట్సాప్ డ్రైవ్‌ల దాచిన బ్యాకప్‌ని ఐఫోన్ చదవదు, ఐక్లౌడ్‌ల దాచింది ఆండ్రాయిడ్ చదవదు. ఏ జీమెయిల్ కొట్టినా రాదు. 2022 నుంచి సొంత దారి ఒకటి ఇచ్చిన్రు, యాపిల్‌ది "మూవ్ టు ఐఓఎస్" అనే యాప్ పాత ఆండ్రాయిడ్‌ల వేసి, ఐఫోన్ సెటప్ చేసేటప్పుడు "ఆండ్రాయిడ్ నుంచి తెచ్చుకో" అన్నది నొక్కి, కోడ్ కలిపి, లిస్టుల వాట్సాప్ ఎంచుకోవాలె. రెండూ ఒకటే వైఫై మీద ఉండాలె లేదా ఆండ్రాయిడ్‌ని ఐఫోన్ హాట్‌స్పాట్‌కి కలపాలె, రెండూ చార్జర్‌కి పెట్టాలె. ఇది ఐఫోన్ డబ్బా విప్పిన మొదటి సెటప్‌లనే అయ్యే పని. వారం వాడినంక యాదికొస్తే ఐఫోన్ మొత్తం ఎరేజ్ చేసి మళ్ల మొదటి నుంచి రావాలె. అందుకే డబ్బా విప్పంగనే ఫేస్ ఐడీ పెట్టి ఫోటోలు దిగుడు కాదు, ముందు ఈ పని. చాట్లు, ఫోటోలు, గ్రూపులు వస్తయ్, కాల్ హిస్టరీ రాదు. వచ్చినయ్ కూడా ఐఫోన్‌ల మాత్రమే ఉంటయ్, ఐక్లౌడ్ బ్యాకప్ మీరు వేరేగ ఆన్ చెయ్యాలె, అక్కడ ఫ్రీ జాగ 5 జీబీనే.

ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కి వచ్చేటోళ్లకు కూడా దారి ఉంది, అదీ కొత్త ఫోన్ మొదటి సెటప్‌లనే, ఆండ్రాయిడ్ 12 అంతకంటే పైది అయితే. మీకు అక్కర్లేదు, వదిలేస్తున్న.

మధ్యల యూట్యూబ్‌ల చూసి ఏదో సాఫ్ట్‌వేర్ కొని కంప్యూటర్ ద్వారా మారుస్త అని వస్తరు. నా మాట వినండి, వాటికి మీ మొత్తం చాట్లు అప్పజెప్పుతున్నట్టే. ఇంకా ఘోరం, "రిస్టోర్ చేసిస్త, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ల అడిగేటోళ్లు. ఆ ఆరంకెల కోడ్ చెప్తే చాట్లు రాకపోగా అకౌంటే వాని చేతికి పోతది.

జీబీ వాట్సాప్ వాడేటోళ్లకు కూడా ఒక మాట, ఎందుకంటే మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గర బ్రోకర్లల్ల సగం మంది దగ్గర అదే చూస్తున్న, రెండు నంబర్లు నడుపుకోవచ్చని. అది అసలు వాట్సాప్ కాదు, అందుల ఉన్న చాట్లు ఈ అధికారిక దారులేవి పట్టవు, పైగ అకౌంట్ బ్యాన్ పడుతది. ఇప్పుడు అసలు వాట్సాప్‌లనే రెండు అకౌంట్లు ఒకే ఫోన్‌ల పెట్టుకునే వీలు 2023 నుంచి ఉంది, ఇంక జీబీ ఎందుకో నాకైతే అర్థం కాదు. ఫోన్‌లనే వచ్చే "డ్యూయల్ యాప్స్" వాడేటోళ్లైతే రెండో వాట్సాప్ బ్యాకప్ వేరేగ చూస్కోవాలె, మొదటిది అయ్యింది కదా అని రెండోది అయినట్టు కాదు.

నాయన వాయిస్‌ల గురించి ప్రత్యేకంగ చెప్త, ఎందుకంటే అవి చాట్‌తో సంబంధం లేకుండా కూడా దాచొచ్చు. పాత ఫోన్ ఫైల్ మేనేజర్‌ల ఆండ్రాయిడ్ అనే ఫోల్డర్, అందుల మీడియా, అందుల కామ్ డాట్ వాట్సాప్, అందుల వాట్సాప్, మళ్ల మీడియా, "వాట్సాప్ వాయిస్ నోట్స్". లోపల సంవత్సరం, వారం నంబర్ పేరుతోని చిన్న చిన్న ఫోల్డర్లు ఉంటయ్, అందుల ఓపస్ అనే రకం ఆడియో ఫైళ్లు. ఎవరు పంపిన్రో పేరు ఉండదు, తేదీ మాత్రం ఉంటది. మొత్తం ఫోల్డర్ కాపీ చేసి ల్యాప్‌టాప్‌లనో పెన్‌డ్రైవ్‌లనో పెట్టుకోండి, వీఎల్‌సీ ప్లేయర్‌ల వినబడుతయ్. ముఖ్యమైనయ్ పదో ఇరవయ్యో ఉంటే చాట్‌ల ఒక్కొక్కటి నొక్కి షేర్ చేసి, పేరు మార్చి డ్రైవ్‌ల పెట్టుకోండి. "నాయన, బతుకమ్మ పండుగ నాడు" అని పేరు రాసిపెట్టుకుంటే పదేండ్ల తర్వాత కూడా వెతుక్కోవచ్చు. వాట్సాప్ ఎట్లుంటే ఏంది, ఫైళ్లు మీ దగ్గర ఉంటయ్. నేనైతే అందరికీ ఇదే ముందు చెయ్యమంటా, ట్రాన్స్‌ఫర్ తర్వాత.

పక్కనే "డేటాబేసెస్" అని ఇంకో ఫోల్డర్ ఉంటది, అదే ఆ రాత్రి రెండింటి లోకల్ బ్యాకప్, వారం రోజులవి ఉంటయ్. వాట్సాప్ ఫోల్డర్ మొత్తం కొత్త ఆండ్రాయిడ్‌ల అదే చోట పెట్టి, అప్పుడు వాట్సాప్ ఇన్‌స్టాల్ చేసి అదే నంబర్‌తోని వెరిఫై చేస్తే దాని నుంచే రిస్టోర్ అయితది. డ్రైవ్ పాస్‌వర్డ్ తెల్వనోళ్లకు నేను చానాసార్లు ఇట్లనే చేసిస్త.

ప్లాట్ బేరం చాట్ల సంగతి వేరు. "ఎక్స్‌పోర్ట్ చాట్" అని ఉంటది, అది నొక్కితే చాట్ మొత్తం ఒక టెక్స్ట్ ఫైల్‌ల వస్తది. చదువుకునేతందుకు బాగుంటది, కానీ దాన్ని మళ్ల వాట్సాప్‌లకు ఎక్కించలేము, బ్యాకప్ అనుకోవద్దు. రేపు తగాదా కోర్టు దాకా పోతే అనుమానం ఉంటే మాత్రం ఆ పాత ఫోనే దాచిపెట్టండి, అమ్మకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ కావాలని 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌ల సెక్షన్ 63 చెప్తది, ఆ మెసేజ్‌లు ఏ ఫోన్‌ల ఉన్నయ్ అన్న వివరం అందుల రాయాలె. ఒరిజినల్ ఫోన్ చేతుల ఉంటే మీ వకీల్ సాబ్‌కి పని సులువు. టెక్స్ట్ ఫైల్ అయితే ఎవడైనా టైప్ చెయ్యొచ్చు అని అవతలోళ్లు వాదిస్తరు.

బ్యాకప్‌కి ఎన్‌క్రిప్షన్ పెట్టాల్నా వద్దా అని కూడా కింద ఎవరో అడిగిన్రు. మామూలు డ్రైవ్ బ్యాకప్‌కి వాట్సాప్ ఎండ్ టు ఎండ్ తాళం ఉండదు. 2021 అక్టోబర్‌ల దానికి కూడా తాళం పెట్టుకునే వీలు తెచ్చిన్రు, మీరు పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు లేదా 64 అంకెల కీ తీసుకోవచ్చు. పెడితే మంచిదే, కానీ పాస్‌వర్డ్ మర్చిపోతే వాట్సాప్ కాదు, గూగుల్ కాదు, నేను కాదు, ఎవ్వరు తెరవలేరు. కాయితం మీద రాసి పట్టాదారు పాస్‌బుక్ పెట్టే బీరువాల పెట్టేటట్టయితేనే ఆన్ చెయ్యండి, ఫోన్ నోట్స్‌ల రాసుకుంటే ఫోన్‌తోనే పోతది. మర్చిపోయి ఉంటే, పాత ఫోన్‌ల వాట్సాప్ ఇంకా నడుస్తుంటే వేలిముద్రతోనో ఫోన్ లాక్‌తోనో ఆ పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు, ఫోన్ ఇచ్చేముందే చెయ్యాలె. ఇంకో గందరగోళం, టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ అని ఆరంకెలది ఉంటది, అది అకౌంట్‌కి తాళం, బ్యాకప్‌కి కాదు. అది మర్చిపోయి, ఈమెయిల్ కూడా పెట్టి ఉండకపోతే ఏడు రోజులు ఆగాలె.

సిగ్నల్‌కి వస్తే, అది ఇంకా గట్టిది. గూగుల్ డ్రైవ్‌కి ఏం పంపదు. సిగ్నల్ పిన్ కొడితే చాట్లు వస్తయ్ అనుకుంటరు, రావు, పిన్‌తోని ప్రొఫైల్, సెట్టింగ్స్, కాంటాక్ట్స్ వంటివే వస్తయ్. ఆండ్రాయిడ్ నుంచి ఆండ్రాయిడ్‌కి అయితే కొత్త ఫోన్‌ల మొదలుపెట్టేటప్పుడే ట్రాన్స్‌ఫర్ లేదా రిస్టోర్ అని అడుగుతది, రెండు ఫోన్లు పక్కన పెట్టి చెయ్యొచ్చు. లేదా పాత ఫోన్‌ల చాట్ బ్యాకప్ ఆన్ చేస్తే 30 అంకెలు చూపిస్తది, అవి రాసుకొని బ్యాకప్ ఫైల్ కొత్త ఫోన్‌కి కాపీ చెయ్యాలె. ఐఫోన్ నుంచి ఐఫోన్‌కి కూడా నేరుగ పోతయ్. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి మాత్రం ఏండ్ల తరబడి దారే లేకుండె. 2025 సెప్టెంబర్‌ల సిగ్నల్ సొంత సెక్యూర్ బ్యాకప్స్ మొదలుపెట్టింది, ముందు ఆండ్రాయిడ్ బీటాల (పరీక్ష కోసం ముందుగ ఇచ్చే వెర్షన్). ఫ్రీగా రాత మెసేజ్‌లు 100 ఎంబీ దాకా, ఫోటోలు, వీడియోలు గత 45 రోజులవి, అన్నీ కావాలంటే నెలకు దగ్గరదగ్గర రెండు డాలర్లు. దానికి 64 అక్షరాల రికవరీ కీ ఇస్తది, అది పోతే సిగ్నలోళ్లు కూడా తెరవలేరు. మీరు ఐఫోన్ కొంటే, ఐఫోన్ సిగ్నల్‌ల రిస్టోర్ ఆప్షన్ కండ్లతో చూసినంకనే పాతది తీసేయండి. నా లెక్క అడిగితే, దోస్తుల ముచ్చట్లే కదా అనుకుంటే సిగ్నల్ చాట్లు వదిలేసి కొత్తగ మొదలుపెట్టుడు తప్పేం కాదు, చానామంది సిగ్నల్ వాడేదే ఏం మిగలొద్దని.

టెలిగ్రామ్ అయితే మీ షాపాయన మాట నిజమే. లాగిన్ అయితే అన్నీ వస్తయ్, ఎందుకంటే మామూలు చాట్లు వాళ్ల సర్వర్‌లనే ఉంటయ్, ఎండ్ టు ఎండ్ కాదు. సీక్రెట్ చాట్లు మాత్రం ఏ ఫోన్‌ల మొదలుపెడితే ఆ ఫోన్‌లనే. అందుల ఏమన్న ఉంటే ఇప్పుడే చూసి రాసుకోండి.

కింద కామెంట్‌ల "పాత ఫోన్ డిస్‌ప్లే పగిలింది, ఎట్ల" అన్నోళ్లకు. బొమ్మ కనబడి టచ్ పనిచెయ్యకపోతే ఓటీజీ (ఫోన్ చార్జింగ్ రంధ్రానికి మౌస్ కలిపే చిన్న పిన్ను) పెట్టి మౌస్ తగిలించండి, చానా ఫోన్లల్ల పనైతది. బొమ్మే రాకపోతే డిస్‌ప్లే మార్పించుడే, ఆ ఒక్కరోజు పనికోసమైనా. ఇంకోటి ఎవ్వరికీ తట్టనిది: మీ వాట్సాప్ ల్యాప్‌టాప్‌ల లింక్ అయి ఉంటే, అందుల కొన్ని నెలల చాట్లు ఉంటయ్. కొత్త ఫోన్‌ల నంబర్ వెరిఫై చెయ్యంగనే ఆ ల్యాప్‌టాప్ లాగౌట్ అయితది. కాబట్టి ముందు ల్యాప్‌టాప్‌ల కావాల్సిన ఫోటోలు, ఫైళ్లు దించుకోండి, స్క్రీన్‌షాట్లు తీసుకోండి, తర్వాతనే కొత్త ఫోన్‌ల వెరిఫై చెయ్యండి. అసలు ఫోన్ 14 రోజులు వాడకపోయినా లింక్ పోతది, అది కూడా లెక్కల పెట్టుకోండి.

దుబాయ్‌ల, బొంబాయిల పనికి పోయినోళ్ల కేసులు పాలమూరు దిక్కు నుంచి కూడా వస్తుంటయ్. అక్కడ కొత్త సిమ్, వాట్సాప్ మాత్రం ఇక్కడి నంబర్ మీదనే. ఇక్కడి సిమ్‌ల రీచార్జ్ లేదు, మూడు నెలలు వాడకపోతే కంపెనీ నంబర్ బంద్ చేసి ఇంకోళ్లకు ఇయ్యొచ్చు. ఫోన్ మారేదాకా వాట్సాప్ నడుస్తనే ఉంటది కాబట్టి తెల్వదు, కొత్త ఫోన్ కొన్న నాడు ఓటీపీ రాదు, బ్యాకప్ ఉన్నా తెరుచుకోదు, ఎందుకంటే అదే నంబర్ అని నిరూపించాలె. అట్లాంటోళ్లు పాత ఫోన్ నడుస్తున్నప్పుడే సెట్టింగ్స్‌ల "చేంజ్ నంబర్" కొట్టి ఇప్పుడు చేతుల ఉన్న నంబర్‌కి మారాలె, చాట్లు ఆ ఫోన్‌ల అట్లనే ఉంటయ్. మార్చినంక ఒకసారి బ్యాకప్ తీసుకొని అప్పుడు ఫోన్ మార్చండి. నంబర్, ఫోన్ రెండూ ఒకే రోజు మార్చొద్దు.

కొత్త ఫోన్‌ల ఎక్కినంక మీ దోస్తులకు "సెక్యూరిటీ కోడ్ మారింది" అని వాళ్ల చాట్‌ల కనబడొచ్చు. హ్యాక్ కాదు, కొత్త ఫోన్‌ల కొత్త తాళాలు తయారైనయ్ అని అర్థం, అడిగితే చెప్పండి.

మీరు ఆండ్రాయిడే తీసుకునేటట్టయితే పాత ఫోన్ మోడల్, చాట్ బ్యాకప్ పేజీల కనబడే రెండు తేదీలు, బ్యాకప్ సైజ్ ఇక్కడ రాయండి. సైజ్ చూస్తే క్యూఆర్‌తో పోవాల్నా డ్రైవ్‌తో పోవాల్నా చెప్త. జీమెయిల్ ఐడీ, నంబర్ మాత్రం ఇక్కడ పెట్టకండి.